రెండు పూటలా ఒకే ఎండ

నా భార్యను చంపింది ఆమె తమ్ముడే. కోర్టు అలా అనలేదు. డాక్టరూ అనలేదు. ఊపిరి అందక నిద్రలో పోయిందని కాగితం మీద రాసిచ్చాడు. అసలే ఊపిరి సరిగా అందని మనిషిని చలికొండ మీదికి, మనుషుల్లేని అద్దె ఇంటికి తీసుకుపోయింది ఎవరో ఆ కాగితంలో లేదు. నాకు తెలుసు. నాలుగేళ్లుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అదే చెబుతూ వచ్చాను. వాడితో మాట మానేశాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఒకావిడ నా డిటెక్టివ్ ఆఫీసు గదికి వచ్చింది. గడప దాటకుండానే ఏడవడం మొదలుపెట్టింది.

"కూర్చుని ఏడువమ్మా. ముందు ఎవరు పోయారో చెప్పు" అన్నాను.

"పోయారనకండి బాబాయిగారూ. మా చెల్లెలు. కనబడటం లేదు."

చెల్లెలు కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. నాలుగు రోజులు సెలవు పెట్టి, కొండమీద ఒక ఇల్లు అద్దెకు తీసుకుని గురువారం ఒక్కతే బయల్దేరింది. ఆ ఇంటికి చేరనే లేదని ఇంటాయన అంటున్నాడు. ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందని పోలీసులు అంటున్నారు.

"నా దగ్గరికెందుకొచ్చావు?"

"అక్కడి ఇన్‌స్పెక్టరు ఒక్క మీకే భయపడతాడని బస్టాండులో చెప్పారు. మీ బావమరిదట కదా."

"భయపడాలి" అన్నాను.

ఆమె సంచిలోంచి ఒక నోటుబుక్కు, ఇంటి ఫోటో ఉన్న కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వాలు మీద రాతిదిమ్మె కట్టి పైన నిలబెట్టిన ఇల్లు. నీలం తలుపు. నేనెప్పుడూ ఆ ఇంటికి వెళ్లలేదు. అయినా చూడగానే తెలిసింది. ఆ తలుపును మా ఆవిడ తన ఫోనులో నాకు ముప్పై సార్లు చూపించింది.

కాగితం తిరగేసి పెట్టి, నోటుబుక్కు చదివాను. ఎనిమిది నెలల ఏర్పాటు అందులో ఉంది. బస్సు వేళలు, ఆ బస్సు తప్పితే తర్వాతి బస్సు వేళలు, ఏ రోజు ఏ స్వెట్టరు. ఇంటాయనకి పంపిన పద్నాలుగు ప్రశ్నలు, వాటి కింద ఎర్రసిరాతో జవాబులు. తొమ్మిదో ప్రశ్న: నాకు ఉన్ని పడదు, ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, నూలు బొంత దొరుకుతుందా? జవాబు: కొత్తది మంగళవారం పైకి పంపిస్తున్నాను. పన్నెండో ప్రశ్న చలిమంటకు కట్టెల గురించి. ఇంటి కింద గదిలో ఉన్నాయి, మీరే తెచ్చుకోవచ్చునని జవాబు.

"ఇంత రాసుకున్న మనిషి దారి తప్పదు" అన్నాను. "నువ్వెందుకు వెళ్లలేదు?"

ఆమె తల దించుకుంది. "ఇద్దరం అనే అనుకున్నామండీ. ఆఖర్న పిల్లల పరీక్షలని మా ఇంట్లో కుదరలేదు. ఈసారికి నువ్వెళ్లవే, నేను ఇంకోసారి వస్తాలే అన్నాను."

నేను చెప్పులు వేసుకున్నాను.

ఇంటాయనకి కొండ దిగువ బజారులో రంగుల షాపు ఉంది. పదకొండింటికి మేం వెళ్లేసరికి కౌంటరు పక్కన మా బావమరిది కూర్చుని టీ తాగుతున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. టీ తొణికి యూనిఫాం మీద పడింది.

"బావా..."

"కూర్చోండి ఇన్‌స్పెక్టరుగారూ. చుట్టరికానికి రాలేదు."

ఇంటాయన రంగు మరకల చేతులు తుడుచుకుంటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ బంధువులాండీ?"

"ఒకప్పుడు" అన్నాను. "గురువారం ఆ అమ్మాయి ఎన్నింటికి రావాలి?"

"రెండింటికండి. రెండయ్యాకే రమ్మని అందరికీ చెబుతాం. అప్పటికి ఇల్లు ఊడ్చి, పక్కలు మార్చి ఉంచుతారు."

"ఎవరు?"

"ఒక పనావిడ ఉందండి. ఆ ఇంటికి కాస్త దిగువన, ఫోను పలికే చోట ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆవిడే చేస్తోంది."

"పని అయిందని ఇక్కడ కూర్చున్న నీకెలా తెలుస్తుంది?"

"ఫోటోలండి. పక్క, వంటగది, స్నానాలగది, తాళంచెవి పెట్టె, అన్నీ ఫోటో తీసి ఫోనులో పంపుతుంది. ప్రతిసారీ కొండెక్కాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు."

తాళంచెవి పెట్టె అంటే తలుపు పక్కన గోడకు బిగించిన చిన్న ఇనుపపెట్టె. నంబరు తిప్పితే తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లకి ఆ నంబరు ఫోనులో చెబుతాడు. గురువారం ఒంటిగంటా పదిహేనుకి పనావిడ ఫోటోలు పంపింది. ఆ సాయంత్రం "చేరాను" అని అమ్మాయి దగ్గర్నుంచి కబురు రాలేదు. శుక్రవారం పొద్దున ఇంటాయన పనావిడకి ఫోన్ చేసి, వెళ్లి చూడమన్నాడు. పదీ అయిదుకి మళ్లీ ఫోటోలు వచ్చాయి. పక్క నలగలేదు. బ్యాగు లేదు. తాళంచెవి పెట్టెలోనే ఉంది.

"అదీ సంగతి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మలుపు దగ్గర ఆమె బస్సు దిగింది పన్నెండు నలభైకి. కండక్టరు చెప్పాడు. అక్కణ్ణించి ఇంటికి నలభై నిమిషాల నడక. ఇంటికి మాత్రం చేరలేదు. మలుపు దగ్గర కార్లు ఆగుతుంటాయి. వయసులో ఉన్న మనిషి, ఒంటరిగా..."

"నోరు జాగ్రత్త ఇన్‌స్పెక్టరుగారూ!" అక్క విరుచుకుపడింది. "మా చెల్లెలు కిటికీ సీటు ఏ పక్కన ఉంటే ఎండ తగలదో డిపోకి ఫోన్ చేసి కనుక్కున్న మనిషి. ఎవడి కారో ఆగితే ఎక్కి కూర్చునేది కాదు. ముందు వాడి బ్రేకులు చూపించమనేది."

"ఆ ఇంటికి వెళ్లి చూశావా?" అని వాణ్ణి అడిగాను. మీరు అనడం మర్చిపోయాను.

"చూశాను. నిన్న మధ్యాహ్నం."

"లోపలికి వెళ్లావా?"

"వెళ్లాను."

"తాళంచెవి పెట్టె నంబరెంత?"

వాడు టీ గ్లాసు ఎత్తాడు. ఇంటాయన రంగుడబ్బాల వైపు చూస్తూ మెల్లగా అన్నాడు. "సారు నన్ను నంబరు అడగలేదండీ."

"కిటికీలోంచి చూశాను" అన్నాడు వాడు.

"ఏ కిటికీ?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. ఆ ఇంటికి వాడు వెళ్లనే లేదు. పనావిడ ఫోటోలు చూసి కేసు మూసేశాడు. బద్ధకం అనుకున్నాను.

ఇంటాయన ఫోను తీసుకుని కౌంటరు మీద పెట్టించాను. గురువారం నాటి పక్క ఫోటో, శుక్రవారం నాటి పక్క ఫోటో. రెండూ వేరువేరు వైపుల నుంచి తీసినవి. దిండ్లు ఒకదాంట్లో నిలబెట్టి ఉన్నాయి, ఒకదాంట్లో పడుకోబెట్టి ఉన్నాయి. మామూలుగా చూస్తే రెండు రోజుల ఫోటోలే.

మా ఊరి బడికి గడియారం లేదు. అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి ఉండేవి. స్తంభం నీడ గీత మీదికి వచ్చినప్పుడు గంట కొట్టాలి. ఆ పని నాలుగేళ్లు నాది. నేను చదివిన చదువులో ఈ వృత్తికి పనికొచ్చింది అదొక్కటే.

"మంచం పక్కన నేల చూడండి. కోడు నుంచి రెండో బండ. పగులు ఉన్నది. ఎండ ఎక్కడిదాకా ఉంది?"

ఇంటాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. "పగులు దాకా."

"ఇది గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేనుది. ఇప్పుడు శుక్రవారం పొద్దున పదింటిది చూడు."

ఆయన చాలాసేపు చూశాడు. "ఇదీ... పగులు దాకానే."

"ఎండ ఎండే కదా బావా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కొండమీద మబ్బులు వస్తూ పోతూ ఉంటాయి."

"మబ్బు ఎండని ఆపుతుంది. జరపదు."

వాడి మొహం ఎర్రబడింది. నేను ఇంటాయన వైపు తిరిగాను. "మంగళవారం బొంత పంపావా?"

"పంపానండి. కొత్తది. ఆకుపచ్చది. పనావిడ చేతికే ఇచ్చాను."

"ఫోటోలో ఏముంది?"

"ఎర్ర ఉన్ని దుప్పటి" అన్నాడు.

"రెండిట్లోనూ. ఇవి మంగళవారానికి ముందెప్పుడో, ఒకే పూట తీసి దాచుకున్నవి. గురువారం, శుక్రవారం ఆ ఇంట్లో ఏముందో మీ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఆ అమ్మాయి చేరలేదనడానికి ఇన్‌స్పెక్టరుగారి దగ్గరున్న ఆధారం ఎప్పటిదో ఎండ."

అక్క లేచి నిలబడింది. "అంటే అది అక్కడే ఉందా?"

గోడ గడియారం పదకొండు నలభై చూపిస్తోంది. గురువారం రెండింటి నుంచి నలభై ఆరు గంటలు కావస్తోంది. రెండు రాత్రుల చలి.

"కానిస్టేబుల్‌ని పంపిస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరంతా ఎందుకు?"

"జీపు తియ్యి."

"నాకు స్టేషన్లో పనుంది."

"ఆడమనిషి రెండు రోజులుగా కనబడకపోతే ఇన్‌స్పెక్టరుకి ఉండే పని ఒక్కటే. ఈ షాపులో నలుగురు విన్నారు. తియ్యి."

తీశాడు. కానిస్టేబుల్ నడిపాడు. మలుపులన్నీ ఇన్‌స్పెక్టరు కిందికి చూస్తూ కూర్చున్నాడు.

పనావిడని దారిలో ఎక్కించుకున్నాం. యాభై ఏళ్లుంటాయి. ఆమె గుమ్మంలోంచే కనబడింది ఆకుపచ్చ బొంత, ప్లాస్టిక్ కవరు విప్పకుండా బల్ల మీద ఉంది. జీపులో మమ్మల్నందర్నీ చూసి ఆమె చేతిలో చీపురు జారిపోయింది. ఇంటి గేటు దగ్గర జీపు దిగింది కానీ గేటు దాటలేదు.

"రావమ్మా, లోపలికి" అన్నాను.

"ఇక్కడే ఉంటానండయ్యా. నేల తడిగా ఉంటుందేమో..."

"నువ్వు తుడిస్తే కదా తడి."

పెట్టె తెరిస్తే ఖాళీ. తాళంచెవి తలుపుకే, లోపలి వైపు ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉందంతే. తోశాను.

మొదటి గదిలో బ్యాగు ఉంది. జిప్పు తీసి ఉంది. ఉతికి మడతపెట్టిన బట్టలు సగం బీరువాలో, సగం బ్యాగులో. గోడకు ఛార్జింగు పెట్టిన ఫోను. దాని మీద సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. అక్క ఆ ఫోనును రెండు చేతులతో పట్టుకుని చెల్లెల్ని పేరు పెట్టి పిలిచింది. ఇల్లు పలకలేదు.

రెండో గదిలో నేనొక్కణ్ణే అడుగుపెట్టాను. మంచం, ఎర్ర ఉన్ని దుప్పటి. తూర్పు వైపు ఒక్కటే కిటికీ. సమయం పన్నెండూ ఇరవై. నేల మీద ఎక్కడా ఎండ లేదు. పగులు ఉన్న బండ చల్లగా ఉంది. మధ్యాహ్నమయితే ఈ గదిలోకి ఎండ రాదు. ఫోటోల సంగతి అక్కడితో తేలింది.

కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. మా ఆవిడ ఈ గది బొమ్మ గీసి చూపించింది. ఇందులో మీరు, అందులో నేను, పొద్దునపూట ఎండ మన మోకాళ్ల మీద పడుతుంది అంది. పనుంది, ఇంకోసారి చూద్దాం అన్నాను. ఇప్పుడు ఒక కుర్చీ కొంచెం ఓరగా తిరిగి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు. ఆ గదిలో నాది కాని ఊపిరి ఏదో వినబడుతున్నట్టయింది. కిటికీ దగ్గరికి వెళ్లాను. గాలి. కిటికీ సందులోంచి గాలి.

బల్ల మీద ఆ అమ్మాయి చేతిరాతతో ఒక కాగితం ఉంది.

ఒకటీ ఇరవై అయిదు: చేరాను. రెండింటి వరకు రావద్దన్నారు కాబట్టి మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ శుభ్రం చేయడానికి రాలేదు. రెండు: తలుపు తీశాను. ఉన్ని దుప్పటే ఉంది, బొంత లేదు, సాయంత్రం మలుపు దాకా నడిచి ఫోన్ చేసి అడగాలి. దాని కింద చేయాల్సిన పనులు. బట్టలు సర్దడం. కట్టెలు. అక్కకి ఫోన్. నీళ్లు కాచుకోవడం. బట్టల పక్కన సగం టిక్కు. మిగతా వాటి పక్కన ఏమీ లేదు.

కాగితం పట్టుకుని బయటికొచ్చాను. పనావిడ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"గురువారం ఒంటిగంటా పదిహేనుకి నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడేనండయ్యా. ఇల్లు తుడుస్తూ..."

"ఒంటిగంటా ఇరవై అయిదుకి ఆ అమ్మాయి ఈ మెట్ల మీద కూర్చుంది. రెండింటి దాకా కూర్చుంది. నువ్వు కనబడలేదని రాసింది. పది నిమిషాల్లో ఇల్లు తుడిచి మాయమయ్యావా?"

ఇంటాయన అరిచాడు. "ఏమ్మా! పన్నెండేళ్లు నమ్మాను కదా నిన్ను!"

"నమ్మితే ఫోటోలెందుకు సార్ అడగడం?" అని ఆమె తిరిగి అరిచి, ఆ వెంటనే ఏడ్చేసింది. "లోపలికెళ్లి నెల దాటిందయ్యా. మా ఆయన తోడొస్తే పది నిమిషాల్లో ముగించుకుని పోయేదాన్ని. ఆయనకి జ్వరం. ఒక్కదాన్నే వెళ్లలేను. ఆయన ఆఖరుసారి తోడొచ్చిన పొద్దునే నలభై ఫోటోలు తీసిపెట్టుకున్నాను, అటూ ఇటూ దిండ్లు మార్చి. అడిగినప్పుడల్లా నాలుగు పంపుతున్నాను."

"ఎందుకెళ్లలేవు?"

"చప్పుళ్లండయ్యా. ఈ ఇంట్లో ఒకావిడ పోయింది. ఆ సంగతి వచ్చినవాళ్లకి చెప్పొద్దన్నారు సారు. నేను చెప్పలేదు. కానీ ఆవిడ ఉంది."

నా వెనక ఇన్‌స్పెక్టరు బూటు కంకర మీద కరకరలాడింది. నేను తిరగలేదు.

"గురువారం అసలు వచ్చావా?"

"వచ్చానండి. మూడు కావస్తుంటే. కొత్తవాళ్లు వచ్చుంటే సారు ఫోన్ చేస్తారు కదా, చేయలేదు, ఇంకా ఎవరూ రాలేదనుకున్నాను. బొంత మర్నాడు తెద్దామనుకుని, వాకిలి ఊడ్చి పోదామని వెనకవైపు నుంచి వచ్చాను. కింది గది తలుపు తెరిచి ఉంది."

కాగితంలో కట్టెల పక్కన టిక్కు లేదు.

"తెరిచి ఉంటే?"

"ఆ తలుపు తెరిచి ఉండకూడదండయ్యా. కళ్లు మూసుకుని తలుపు వేసి గడియ పెట్టేశాను. పెట్టానో లేదో..." ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పెట్టానో లేదో?"

"లోపల్నించి తట్టిందండి. అరిచింది. నేను వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తాను. ఆవిడే అనుకున్నాను. ఈ ఇన్‌స్పెక్టరు సారు అక్కే."

ఆ అమ్మాయి అక్క అప్పటికే పరిగెడుతోంది.

ఇంటి వెనక మెట్లు తొమ్మిది. రాతిదిమ్మెలో తొలిచినట్టున్న పొట్టి తలుపు, మందపాటి చెక్క. బయట చెయ్యంత పొడుగు ఇనుపగడియ. అందరికంటే ముందు అక్కడికి చేరింది ఇన్‌స్పెక్టరు. గడియ మీద చెయ్యి వేశాడు. వెయ్యడమే. లాగలేదు.

"లాగరా!"

వాడికి వినబడలేదు. నెట్టేసి నేను లాగాను.

ముందు చీకటి, తర్వాత తడికట్టెల వాసన. గుమ్మానికి జానెడు దూరంలో గోనెసంచులు కప్పుకుని ముడుచుకున్న మనిషి. పక్కన నీళ్ల పంపు గొట్టం, దాని జాయింటు నుంచి బొట్టుబొట్టుగా కారుతున్న నీటి కింద అరచేయంత కళ్లజోడు డబ్బా పెట్టి ఉంది. నీళ్లు పట్టుకుని తాగడానికి. ఆ డబ్బాయే ఆమెను బతికించింది.

అక్క ఆమెను ఒళ్లోకి లాక్కుంది. అమ్మాయి పెదవులు నల్లగా ఉన్నాయి. కళ్లు తెరిచింది.

"పిల్లల పరీక్షలు అయిపోయాయా?" అంది.

"నీ మొహం! వాళ్ల పరీక్షలకేం" అని అక్క ఏడుస్తూ ఆమె బుగ్గలు రుద్దింది. "ఇక నువ్వెక్కడికెళ్తే అక్కడికొస్తాను. చచ్చినట్టొస్తాను."

"తట్టానే అక్కా. ఎవరో వచ్చారు. గడియ వేసి పరిగెత్తిపోయారు. ఎవరై ఉంటారా అని..."

మాట తెగిపోయింది. కానిస్టేబుల్ ఆమెను ఎత్తుకుని మెట్లెక్కాడు. ఎత్తుకున్నప్పుడు ఆమె కుడిచెయ్యి కిందికి వేలాడింది. వేళ్ల కణుపుల మీద చర్మం లేదు. నాలుగు వేళ్లకీ, వరసగా. తలుపు తట్టిన చెయ్యి.

ఆ చెయ్యి నేను ఇంతకుముందు చూశాను.

నాలుగేళ్ల కిందట ఆస్పత్రిలో, తెల్లగుడ్డ కిందనుంచి బయటికొచ్చిన చెయ్యి. ఆ నాలుగు వేళ్ల కణుపులూ ఇలాగే గీసుకుపోయి ఉన్నాయి. చూశాను. స్ట్రెచరు ఊచకి తగిలి ఉంటుందని అనుకున్నాను. వేరేవాళ్ల ఇంట్లో అయితే ఆ గాయానికి పది ప్రశ్నలు వేసేవాణ్ణి. అక్కడ ఒక్కటీ వేయలేదు.

జీపు వెళ్లిపోయింది. మేం నలుగురం మిగిలాం. ఇంటాయన గడియ వైపు చూస్తూ తలబాదుకుంటున్నాడు.

"తప్పు నాదే సార్" అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "ఈ గడియ పీకించేయమని మీరు నాలుగేళ్ల కిందటే చెప్పారు. రెండుసార్లు చెప్పారు. వడ్రంగి దొరకలేదని బద్ధకించాను."

ఇన్‌స్పెక్టరు మెట్ల వైపు తిరిగాడు.

నేను పనావిడ వైపు తిరిగాను. "మా ఆవిడ పైగదిలో, మంచం మీద, నిద్రలో పోయింది. కాగితంలో అలాగే ఉంది. దెయ్యమై తిరిగితే పైన తిరగాలి. కింద తలుపు ఎందుకు తడుతుంది?"

ఆమె నా వైపు చూడలేదు. వాడి వైపు చూసింది.

"ఆవిణ్ణి వదిలెయ్యండి బావా" అన్నాడు వాడు. "నేను చెబుతాను."

మెట్టు మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఆరోజు పొద్దున ఏడింటికి స్టేషన్నుంచి వైర్‌లెస్‌లో కబురు. మలుపు కింద బస్సు పడిందని. పరుగెత్తాను. ఈ పక్కగా దిగుతుంటే తలుపు గాలికి కొట్టుకుంటోంది. గడియ పెట్టి పోయాను. చూడలేదు. అక్క పైన పడుకుని ఉందనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి వచ్చాను."

"లోపలెందుకుంది?"

"కట్టెలకి. నాకు టీ పెట్టాలని. టీ తాగకుండా డ్యూటీకి పోనిచ్చేది కాదు కదా." వాడు టోపీని ఒకసారి తిప్పాడు. "తలుపు దగ్గరే ఉంది. పైకి మోసుకెళ్లి పడుకోబెట్టాను. డాక్టరుకి నిద్రలో అని చెప్పాను. పనావిడ వచ్చి చూసింది. చెప్పొద్దన్నాను."

"నాకు?"

"మీకు చెప్పాలనే మర్నాడు ఆస్పత్రికొచ్చాను. నేను నోరు తెరిచేలోగా మీరే అన్నారు. వరండాలో, అందరి ముందూ. దాన్ని చంపింది నువ్వేరా అని." వాడు తలెత్తాడు. "మీకు తెలిసిపోయిందనుకున్నాను బావా. ఆ చెయ్యి చూసి కనిపెట్టేశారనుకున్నాను. మీరు కనిపెట్టనిది ఏముంటుంది? తెలిసే అంటున్నారని, తెలిసే మాట మానేశారని, నాలుగేళ్లుగా... కేసు ఎందుకు పెట్టలేదో అని రోజూ ఎదురుచూస్తున్నాను. బదిలీ వచ్చినా వెళ్లలేదు. మీరొస్తే ఇక్కడే ఉండాలి కదా అని."

ఇంటాయన, పనావిడ ఎప్పుడు వెళ్లిపోయారో నేను గమనించలేదు.

"మీకు తెలుసు కదా బావా?"

నేను జవాబు చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు. కింది గదిలోకి వంగి చూశాను. తలుపు లోపలి వైపు, నా నడుమెత్తున, చెక్క మీద మరకలు రెండు రకాలున్నాయి. కొన్ని నిన్నా మొన్నటివి, ఇంకా ఎర్రగా. కొన్ని పాతబడి చెక్కలో కలిసిపోయాయి. వాటి మీద చెయ్యి పెట్టాను. నా చెయ్యి ఎత్తుకీ వాటి ఎత్తుకీ బెత్తెడు తేడా. ఆమె నాకంటే అంత పొట్టి.

వాడు నా వెనకే నిలబడ్డాడు. "ఇప్పుడేం చేస్తారు?"

"తలుపు పీకించు. ఇవాళే" అన్నాను. "ఆ అమ్మాయి దగ్గర వాంగ్మూలం తీసుకో. కిటికీలోంచి చూశానని అబద్ధమాడావని నీ పై అధికారికి నువ్వే రాసిపెట్టు."

"అక్క సంగతి?"

నలభై నిమిషాల దారి మలుపు దాకా నడిచి బస్సెక్కాను. నా రిపోర్టులో, శనివారం పన్నెండూ నలభైకి ఇంటి వెనక కట్టెల గది తలుపు తెరవడమైనది, మనిషి ప్రాణాలతో ఉన్నది అని రాశాను. ఆ తలుపు గురించి అంతకుమించి రాయలేదు. వాణ్ణి క్షమించానని ఎవరైనా అంటే అది అబద్ధం. నన్ను నేను క్షమించుకున్నానన్నా అబద్ధమే.

నాలుగేళ్లు ఆ మాట కనబడినవాళ్లందరితో అన్నాను. చావుల దగ్గర అన్నాను, పెళ్లిళ్లలో అన్నాను, బస్సులో పక్క సీటువాడితో అన్నాను. నిజమని తెలిసిన రోజు నుంచి ఒక్కరితో అనలేదు. ఇక్కడ రాసిందే ఆఖరు. దీని గురించి ఇక నేను మాట్లాడను. ఎవరూ అడగొద్దు.